4/4, 440, 20 డిగ్రీలు: ఉచిత మ్యూజిక్ క్యాలిక్యులేటర్లు మన పాటకి ఎంతవరకు పనికొస్తాయి

నెల్లూరు, కావలి, కందుకూరు, ఒంగోలు ఊళ్లలో ఇంటి పైగదిలో స్టూడియో పెట్టుకున్నవాళ్లకి వచ్చే పని దాదాపు ఒకే తీరు. పెంచలకోన, జొన్నవాడ, సింగరాయకొండ దేవుళ్ల మీద భక్తిపాటలు, క్రైస్తవ గీతాలు, ఎన్నికలొస్తే ప్రచారపాటలు, తిరునాళ్లకి డప్పు పాటలు, అప్పుడప్పుడు ఒక పద్యనాటకం. ఈ పనికి నెట్‌లో ఉచితంగా దొరికే క్యాలిక్యులేటర్లు, చిన్న యుటిలిటీలు నిజంగా అక్కరకొస్తాయి. అయితే వాటిలో ఎక్కువ భాగం కొన్ని సంగతులు ముందే అనుకుని లెక్క కడతాయి: పాట 4/4లో (బార్‌కి నాలుగు దెబ్బల లెక్కలో) ఉందని, ‘ఎ’ స్వరం 440 హెర్ట్జ్ అని, గాలి 20 డిగ్రీలని. పాట తిస్రంలో (దెబ్బకి మూడు అక్షరాల నడకలో) ఉన్నా, హార్మోనియం పాతదైనా అవి చూపే అంకె తప్పు కాదు, కానీ మన పాటది కాదు. ఏ గడిలో ఏం నింపాలో తెలిస్తేనే వీటి విలువ.

ముందుగా డిలే (ప్రతిధ్వని), రీవర్బ్ (గది మోత) లెక్కలు. అనదర్ ప్రొడ్యూసర్ సైట్‌లోని డిలే-రీవర్బ్ క్యాలిక్యులేటర్, టూల్‌స్టడ్ సైట్‌లోని బీపీఎం పేజీ రెండూ చేసేది ఒకటే లెక్క. 60,000ని బీపీఎంతో, అంటే నిమిషానికి పడే దెబ్బలతో, భాగిస్తే ఒక క్వార్టర్ నోట్ ఎన్ని మిల్లీసెకన్లో వస్తుంది. 96 బీపీఎం పాటకి 625. అందులో సగం (ఎయిత్) 312.5, దానికి ఒకటిన్నర రెట్లు ఉండే డాటెడ్ ఎయిత్ 468.75, పదహారో వంతు నోట్ 156.25. చతురస్ర నడకలో (దెబ్బకి నాలుగు అక్షరాలు) ఉన్న పాటకి ఈ పట్టిక చాలు, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ప్లగిన్‌లోనే సింక్ బటన్ ఉండగా ఇదెందుకు అనిపించవచ్చు. చాలా రీవర్బ్‌ల ప్రీ-డిలేకి (గొంతుకీ రీవర్బ్ మొదలుకీ మధ్య ఎడానికి) సింక్ ఉండదు. కొన్ని లైవ్ మిక్సర్లలో మిల్లీసెకన్లే కొట్టాలి. పైగా గొంతు వెనక డిలేని అంకె కంటే 5 నుంచి 10 మిల్లీసెకన్లు అటో ఇటో జరిపితే తబలా దెబ్బ కింద దాక్కోకుండా విడిగా వినపడుతుంది. అసలు అంకె తెలిస్తేనే కదా జరిపేది.

చిక్కంతా తిస్రంలో వస్తుంది. మన భజనలు, డప్పు పాటలు సగానికి పైగా ఆ నడకే. దెబ్బ నిమిషానికి 96 పడుతోంది, ఒక్కో దెబ్బలో మూడు అక్షరాలు. అంటే అక్షరం 208.33 మిల్లీసెకన్లు. ఈ పాటని రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో రెండు రకాలుగా కట్టవచ్చు. 4/4లో 96 పెట్టి ట్రిప్లెట్‌లతో వాయించినట్టయితే క్యాలిక్యులేటర్‌లో 96 కొట్టి ట్రిప్లెట్ వరుసే చూడాలి. ఎయిత్ ట్రిప్లెట్ 208.33, క్వార్టర్ ట్రిప్లెట్ 416.67. అదే 6/8లో కట్టినట్టయితే సాఫ్ట్‌వేర్‌లో క్వార్టర్ టెంపో 144 అవుతుంది, 96కి ఒకటిన్నర రెట్లు. అప్పుడు 144 కొట్టి మామూలు వరుస చూడాలి. ఎయిత్ 208.33, క్వార్టర్ 416.67, డాటెడ్ క్వార్టర్ 625. రెండు దారుల్లోనూ అంకెలు కలిశాయంటే లెక్క సరిపోయినట్టే. సర్వసాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, చెవికి తట్టిన 96 కొట్టేసి, సినిమా పాటల ట్యుటోరియల్‌లో చెప్పారని డాటెడ్ ఎయిత్ 468.75 తీసుకోవడం. అది రెండుంపావు అక్షరాల దగ్గర పడుతుంది. ఢోలక్ నడకకి అడ్డంగా ప్రతి మాట వెనక ఒక తడబాటు వినిపిస్తుంది, తప్పు గాయకుడి మీదికి పోతుంది.

బీపీఎం కనిపెట్టే యుటిలిటీలు కూడా ఇక్కడే బోల్తా పడతాయి. తిస్రం పాట ఇస్తే 104 ఉన్నదాన్ని 156 అనో 78 అనో చూపిస్తాయి. ఒకటిన్నర రెట్లు, లేదా ముప్పావు వంతు. అంకె వింతగా కనిపిస్తే దాన్ని ఒకటిన్నరతో భాగించి ఒకసారి, ముప్పావుతో భాగించి ఒకసారి చూడండి. అంతకంటే నమ్మకమైనది చేత్తో లెక్క. 32 దెబ్బలు ఎన్ని సెకన్లలో పడ్డాయో స్టాప్‌వాచ్‌తో చూసి, 60ని 32తో గుణించి ఆ సెకన్లతో భాగించాలి. మొదటి దెబ్బ సున్నా అని మొదలుపెట్టాలి, ఒకటి అని కాదు. క్లిక్ లేకుండా పాడిన పాత భజనకి మాత్రం ఒకే బీపీఎం ఉండదు. పల్లవి నుంచి ఆఖరి చరణానికి వేగం పెరుగుతూనే ఉంటుంది. అక్కడ ఏ క్యాలిక్యులేటరూ కాదు, ఆవర్తనం (తాళం ఒక చుట్టు) ఆవర్తనానికీ టెంపో మ్యాప్ వేసుకోవలసిందే.

ఏడు అక్షరాల తాళం మిశ్రచాపు సంగతి ఇంకా స్పష్టంగా ఉంటుంది. 140 టెంపోలో ఎయిత్ 214.29 మిల్లీసెకన్లు. ఏడు కలిపితే ఆవర్తనం కచ్చితంగా 1500. క్యాలిక్యులేటర్ ‘ఒక బార్’ అని చూపేది 1714.29, ఎందుకంటే దానికి బార్ అంటే ఎనిమిది ఎయిత్‌లు. ఆ అంకెని రీవర్బ్‌కి పెడితే తోక తర్వాతి ఆవర్తనంలోకి ఒక అక్షరం దాకా పాకుతుంది. సమం (ఆవర్తనం మొదటి దెబ్బ) దగ్గర మృదంగం దెబ్బ మసకబారుతుంది. అలాగే మూడక్షరాల డిలే (642.86) పెట్టి ఫీడ్‌బ్యాక్ (ప్రతిధ్వని మళ్లీ మళ్లీ తిరిగే మోతాదు) పెంచితే ప్రతిధ్వనులు 3, 6 తర్వాత పక్క ఆవర్తనంలో 2, 5 దగ్గర పడతాయి. ఆవర్తనానికి ఒకసారి (1500), లేదా ఒకే ఒక్క అక్షరం, ఫీడ్‌బ్యాక్ సున్నా. ఈ తాళంలో పనిచేసేవి ఈ రెండే.

రీవర్బ్ పట్టికలో హాల్ 2 బార్లు, పెద్ద గది 1 బార్ అని రాసి ఉండేదాన్ని ఆరంభం కిందే తీసుకోవాలి. డికే టైమ్ అంటే ధ్వని 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే కాలం. చెవికి తోక అయిపోయినట్టు అనిపించేది అంతకు చాలా ముందే. కాబట్టి 2500 పెట్టినా అది బార్ చివర సరిగ్గా ఆగినట్టు వినపడదు. ఆ పట్టికలో అసలు పనికొచ్చేది ప్రీ-డిలే గడి. 96 బీపీఎంలో 1/64 నోట్ అంటే 39.06 మిల్లీసెకన్లు. తెలుగు మాటలో ఒత్తులు ఎక్కువ. ‘స్తుతి’, ‘జ్యోతి’, ‘భక్తి’ లాంటి చోట హల్లు పూర్తిగా బయటికి వచ్చాక రీవర్బ్ మొదలవ్వాలి. 39 దగ్గర ‘స్తు’ శుభ్రంగా వినపడుతుంది, 10 దగ్గర పలుకు ముద్దయిపోతుంది. కాస్త వేగంగా పాడే పాటకైతే 25 దాకా దించినా పర్లేదు.

శ్రుతి విషయానికి వస్తే, సెంగ్‌పీల్ ఆడియో సైట్‌ని మించింది లేదు. బెర్లిన్‌లో సౌండ్ ఇంజనీరింగ్ చెప్పిన ఎబర్‌హార్డ్ సెంగ్‌పీల్ పెట్టిన సైట్ ఇది. చూడడానికి పాతకాలం పేజీలు, వెతుక్కోవడం కష్టమే. కానీ సెంట్లు (సెమిటోన్‌లో, అంటే పక్కపక్క మెట్ల ఎడంలో, నూరో వంతు), హెర్ట్జ్, డెసిబెల్స్, ధ్వనివేగం దేనికదే లెక్క ఉంటుంది, సూత్రం కూడా పక్కనే రాసి ఉంటుంది. సెంట్ల లెక్క పాత హార్మోనియంతో పాట చేసేటప్పుడు తప్పనిసరి. నాలుగో శ్రుతి (ఎఫ్) రీడ్‌ని ఐదు సెకన్లు పట్టి ఉంచి రికార్డు చేసి, సోనిక్ విజువలైజర్‌లోనో మంచి ట్యూనర్‌లోనో హెర్ట్జ్ చూడాలి. 440 లెక్కన ఆ స్వరం 349.23 ఉండాలి. రీడ్ 353 చూపింది అనుకుందాం. రెండు అంకెలూ కొడితే 18.6 సెంట్లు ఎక్కువ అని వస్తుంది. కీబోర్డ్ ప్లగిన్ల మాస్టర్ ట్యూన్‌ని అంత పైకి తిప్పాలి, లేదా హెర్ట్జ్ అడిగే ప్లగిన్ అయితే 440ని 353తో గుణించి 349.23తో భాగించగా వచ్చిన 444.75 కొట్టాలి. హార్మోనియం ట్రాక్‌ని పిచ్ షిఫ్ట్ చేసి 440కి దించే పని మాత్రం పెట్టుకోకండి. రీడ్ల గరగర అంతా పోయి ధ్వని ప్లాస్టిక్‌లా తయారవుతుంది. జరగగలిగింది ప్లగిన్, దాన్నే జరపాలి. ఒక్క రీడ్ కొలిస్తే సరిపోదు: స, ప, తారస్థాయి స మూడూ చూడాలి. మూడింటి తేడా 5 సెంట్లలోపు ఉంటే సగటు తీసుకోవచ్చు. ఒకటి 20, ఒకటి 4 చూపిస్తే ఆ హార్మోనియాన్ని రీడ్లు సరిచేసేవాళ్ల దగ్గరికి పంపాల్సిందే.

అదే సైట్ ఇంకో సంగతి కూడా తేటతెల్లం చేస్తుంది. శ్రుతిబద్ధంగా పాడే అంతర గాంధారం 5/4 నిష్పత్తి, అంటే 386.3 సెంట్లు. కీబోర్డ్ గాంధారం 400. దాదాపు 14 సెంట్ల ఎడం. తంబురా మీద శిక్షణ పొందిన గాయని కింద స్ట్రింగ్స్ ప్యాడ్ పెట్టినప్పుడు గాంధారం దగ్గర గొంతు ‘ఫ్లాట్’ అన్నట్టు అనిపించేది ఇందుకే. గొంతుకి ఆటోట్యూన్ వేయకుండా ప్యాడ్‌లో గాంధారం తీసేసి స-ప మాత్రమే ఉంచితే తీరిపోతుంది. పంచమం తేడా 2 సెంట్లే, ఎవరికీ వినపడదు.

శ్రుతి మార్చేటప్పుడు సెమిటోన్ల లెక్కలో ఒక గుంట ఉంది. మనవాళ్లు ‘నాలుగో శ్రుతి’, ‘ఐదున్నర’ అంటారు, క్యాలిక్యులేటర్ సీ, డీ అంటుంది. ఒకటి సీ, ఒకటిన్నర సీ షార్ప్, రెండు డీ, మూడు ఈ, నాలుగు ఎఫ్, ఐదు జీ, ఆరు ఎ, ఏడు బీ. అరకి ఒక సెమిటోన్ అని లెక్క కట్టడం అలవాటు. కానీ మూడుకీ నాలుగుకీ మధ్య నల్లమెట్టు లేదు, మూడున్నర శ్రుతే లేదు. అందుకని రెండున్నర నుంచి నాలుగున్నరకి ట్రాక్ పెంచమంటే నాలుగు సెమిటోన్లు కాదు, మూడే. మూడూ-నాలుగు గీత దాటే ప్రతి లెక్కలోంచి ఒకటి తీసెయ్యాలి. కరోకే ట్రాక్‌ని గాయకుడికి తగ్గట్టు జరిపేటప్పుడు తప్పు జరిగేది ఎక్కువగా ఈ చోటే.

గది సంగతికి ఆమ్‌రాక్. ఇది బ్రౌజర్‌లోనే నడుస్తుంది, గది పొడవు వెడల్పు ఎత్తు ఇస్తే ఏ ఏ ఫ్రీక్వెన్సీల దగ్గర బాస్ నిలబడిపోతుందో గీసి చూపిస్తుంది. అడుగులని 0.3048తో గుణించి మీటర్లలో ఇవ్వండి. మన ఇళ్లలో పైగది మామూలుగా 10 బై 10, స్లాబు ఎత్తు కూడా పదికి దగ్గరే. స్టూడియోకి ఇంతకంటే చెడ్డ కొలత లేదు. మూడు దిక్కుల మోడ్‌లూ (గోడల మధ్య నిలబడిపోయే ఫ్రీక్వెన్సీలు) ఒకేచోట, 56 హెర్ట్జ్ దగ్గర, మళ్లీ 112 దగ్గర, 169 దగ్గర గుట్టగా పడతాయి. మధ్యలో అంతా ఖాళీ. 10 బై 12 గది దొరికితే పొడవు వైపు మోడ్ 47కి జరిగి కొంచెం విడిపోతుంది. ఇంట్లో రెండు గదులుంటే కొలతలు ఇందులో కొట్టి చూశాకే ఒకటి ఎంచుకోండి.

ఆమ్‌రాక్ బొమ్మలో తప్పక చూడవలసింది గది నడిమధ్య. మొదటి మోడ్‌కి అక్కడ ధ్వని పీడనం శూన్యం. టేబుల్‌ని గది మధ్యలో పెట్టుకుని మిక్స్ చేసేవాళ్లకి 56 హెర్ట్జ్ అసలు వినపడదు. బాస్ చాలట్లేదని పెంచుతారు, కారులో పెట్టగానే అద్దాలు అదురుతాయి. ముందుగోడ నుంచి పొడవులో 38 శాతం దగ్గర తల ఉండేట్టు కూర్చోవాలి. పదడుగుల గదిలో అది మూడడుగుల పది అంగుళాలు. ఇది మొదలుపెట్టే చోటు, అక్కడినుంచి కొద్దికొద్దిగా జరుపుకుంటూ వినాలి. ఈ క్యాలిక్యులేటర్ చతురస్రం, దీర్ఘచతురస్రం గదులకే పనికొస్తుంది. ‘ఎల్’ ఆకారం గది, హాల్లోకి తలుపు తీసి ఉన్న గది, గోడలో పెద్ద సిమెంటు అల్మరాలున్న గది దీని లెక్కకి అందవు. అలాంటి చోట రూమ్ ఈక్యూ విజార్డ్ దించుకుని, కొలత మైకుని తల ఉండే చోట నిలబెట్టి స్వీప్ (కింది నుంచి పైదాకా జారే పరీక్ష శబ్దం) తియ్యాలి. అదీ ఉచితమే. నేర్చుకోవడానికి ఒక పూట పడుతుంది, పెట్టిన ఆ పూట వృథా కాదు.

ఉష్ణోగ్రత గురించి ఒక మాట. ధ్వనివేగం 20 డిగ్రీల్లో సెకనుకి 343 మీటర్లు, 35 డిగ్రీల్లో దాదాపు 352. గదిలో దీనివల్ల 56 కాస్తా 58 అవుతుంది, దానికోసం బాస్ ట్రాప్ (బాస్‌ని పీల్చే దిమ్మ) మార్చక్కర్లేదు. తిరునాళ్ల మైదానంలో మాత్రం తేడా తెలుస్తుంది. వేదికకి 60 మీటర్ల దూరంలో పెట్టిన డిలే స్పీకర్‌కి 20 డిగ్రీల లెక్కన దాదాపు 175 మిల్లీసెకన్లు, మే నెల సాయంత్రం 34 డిగ్రీలుంటే దాదాపు 171. సెంగ్‌పీల్ పేజీలో ఉష్ణోగ్రత గడి మార్చడానికి రెండు సెకన్లు పట్టదు.

వోక్సెంగో స్పాన్ మీద నాకు గురి ఎక్కువ. ఉచితమైన స్పెక్ట్రమ్ ఎనలైజర్లలో ఇదొక్కటి చాలు. దించుకోగానే బ్లాక్ సైజుని 16384కి పెంచండి. 48 వేల శాంపిల్ రేటులో అప్పుడు గీతకీ గీతకీ మధ్య 2.93 హెర్ట్జ్ వస్తుంది. అంతకంటే తక్కువ పెడితే 50 హెర్ట్జ్ కరెంటు హమ్‌నీ 56 దగ్గర గది గుబగుబనీ విడదీసి చూపలేదు. హమ్ అయితే పాట ఆగినా 50, 100, 150 దగ్గర నిలబడే ఉంటుంది. గదిది అయితే పాటతోపాటే పోతుంది. అమెరికా ట్యుటోరియల్స్‌లో, కొన్ని ప్రీసెట్లలో హమ్ తీయడానికి 60, 120 అని ఉంటుంది. అది వాళ్ల కరెంటు. ఇక్కడ 50. ఆ ప్రీసెట్ అలాగే వేస్తే హమ్ పోదు సరికదా, బాస్ గిటార్‌లో గుంట పడుతుంది.

లేటెన్సీ (కంప్యూటర్ లోపల ధ్వనికి పట్టే ఆలస్యం) లెక్క సులువే: బఫర్‌ని (ఒక్కసారి పోగుచేసే శాంపిళ్లని) శాంపిల్ రేటుతో భాగించడం. 48 వేలలో 128 అంటే 2.67 మిల్లీసెకన్లు. కానీ అది ఒక వైపు, ఒక బఫర్ లెక్క మాత్రమే. రానూపోనూ కలిపి, కన్వర్టర్లూ యూఎస్‌బీ జాగ్రత్త బఫర్లూ కలిసి నిజంగా ఎంతో తెలియాలంటే ఆర్‌టీఎల్ యుటిలిటీ వాడాలి. ఇంటర్‌ఫేస్ అవుట్‌పుట్ నుంచి ఇన్‌పుట్‌కి ఒక కేబుల్ పెట్టి, స్పీకర్లు ఆపి, డైరెక్ట్ మానిటర్ తీసేసి కొలవాలి. డైరెక్ట్ మానిటర్ ఉంచేస్తే ఫీడ్‌బ్యాక్ వచ్చి చెవులు బద్దలవుతాయి. డ్రైవర్ చెప్పే అంకెకీ ఇది కొలిచేదానికీ 82 శాంపిళ్ల తేడా వచ్చిందంటే ప్రతి టేకూ 1.7 మిల్లీసెకన్లు ఆలస్యంగా పడుతున్నట్టు. రీపర్ సాఫ్ట్‌వేర్‌లో రికార్డింగ్ సెట్టింగుల్లో ఆ తేడాని శాంపిళ్లలోనే కొట్టే గడి ఉంది. పటపటమని శబ్దాలు వస్తుంటే ఏ డ్రైవర్ ఆలస్యం చేస్తోందో చూపే లేటెన్సీమాన్‌ని పది నిమిషాలు నడిపి చూడండి. చాలాసార్లు దోషి వైఫై డ్రైవర్. వైఫై ఆపి, పవర్ ప్లాన్‌ని హై పెర్ఫార్మెన్స్‌కి మారిస్తే సగం ల్యాప్‌టాప్‌లు దారికొస్తాయి.

లౌడ్‌నెస్‌కి (గట్టిదనానికి) యూలీన్ మీటర్ ఉచిత వెర్షన్ చాలు. యూట్యూబ్ లెక్క మైనస్ 14 లఫ్స్ (గట్టిదనం కొలిచే యూనిట్). అంతకంటే గట్టిగా ఉంటే తగ్గిస్తుంది, తక్కువుంటే పెంచదు. మైనస్ 8కి నలిపి పంపితే 6 డెసిబెల్స్ కోసేస్తుంది. వీడియో మీద రైట్ క్లిక్ చేసి ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ చూస్తే ఆ కోత కనపడుతుంది. నలిపినందుకు దెబ్బలు చచ్చిపోయాయి, గట్టిదనమూ దక్కలేదు. ప్రచార ఆటోలో పెన్‌డ్రైవ్ మీద మోగే పాటకి ఈ సర్దుబాటు ఉండదు కాబట్టి దానికి వేరే మాస్టర్ చెయ్యాలి. మోనోలో విని, హారన్ మైకులో బాస్ రాదు కనుక గొంతుని 1 నుంచి 4 కిలోహెర్ట్జ్ మధ్య ముందుకు తెచ్చి ఇవ్వాలి. పద్యనాటకానికి యూలీన్ చూపే మొత్తం అంకె తప్పుదోవ పట్టిస్తుంది. అందులో మామూలు మాటలూ, రాగం తీసిన పద్యమూ కలిసిపోతాయి. మూడు సెకన్ల షార్ట్-టర్మ్ గీత చూస్తూ పద్యాలకీ సంభాషణలకీ విడివిడిగా గెయిన్ సర్దాలి.

ఆ నాటకం రికార్డింగుకే ఫైలు సైజు క్యాలిక్యులేటర్ కావాలి. టూల్‌స్టడ్‌లో ఉంది, చేత్తో కట్టినా కష్టం కాదు. 48 వేలు, 24 బిట్, మోనో ట్రాక్ నిమిషానికి 8.64 ఎంబీ. ఐదు నిమిషాల పాటకి 24 ట్రాకులంటే టేకుకి ఒక జీబీకి పైన. స్టీరియో అయితే నిమిషానికి 17.28. మామూలు వేవ్ ఫైలు 4 జీబీ దాటలేదు, అంటే 4 గంటల 8 నిమిషాలు. రాత్రి పదింటికి మొదలుపెట్టిన ఫైలు రెండు దాటాక అక్కడితో ఆగడమో పాడవడమో జరుగుతుంది. ప్రాజెక్టు సెట్టింగుల్లో పెద్ద ఫైళ్లకి వేవ్64 లేదా ఆర్‌ఎఫ్64 ఎంచుకోండి. అది లేని సాఫ్ట్‌వేర్ అయితే తెర పడ్డ ప్రతిసారీ రికార్డింగు ఆపి కొత్త ఫైలు మొదలుపెట్టండి.